చిల్లర లేని స్కోరు

సంపాదకులకు నమస్కారం.

పోయిన నెల మీ పత్రిక జిల్లా పేజీలో బాలికల రగ్బీ పోటీల గురించి ఒక వార్త వచ్చింది. ఆరేడు లైన్లే అయినా ఫొటోతో సహా వేశారు, సంతోషం. కింద ఫలితాలు ఇచ్చారు: 25-10, 15-5, 20-15, 30-0. నేను ముప్పై ఒక్క ఏళ్లు ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైనవాణ్ణి. అంకెలు కనపడితే నా కన్ను ముందు చిల్లర వైపు పోతుంది. ఈ ఫలితాల్లో చిల్లర లేదు, అన్నీ ఐదులూ పదులే. రగ్బీలో ట్రై చేస్తే, అంటే బంతిని అవతలి జట్టు గీత దాటించి నేలకు ఆనిస్తే, 5 పాయింట్లు; ఆ వెంటనే కొట్టే కన్వర్షన్ కిక్కు గోలు పోస్టుల మధ్య అడ్డకడ్డీ మీది నుంచి పోతే ఇంకో 2. రోజంతా అన్ని జట్లు ఆడి, అన్ని ట్రైలు చేసి, ఒక్కరికి కూడా ఆ రెండు పాయింట్లు రాలేదంటే చదివినవాళ్లు పిల్లలకు కాలు ఆడలేదేమో అనుకుంటారు. అది నిజం కాదు. అసలు కొట్టనివ్వలేదు. నేను ఆ రోజు గ్రౌండులోనే ఉన్నాను, అందుకే ఈ ఉత్తరం.

నిర్వాహకులను అడిగాను. "పోస్టులు లేవు పెద్దాయనా, ఎండ చూస్తివి కదా, టైం కూడా లేదు. ట్రైలు లెక్కేస్తే చాలదా?" అన్నారు. మంచి పిల్లలే, సొంత డబ్బుతో నీళ్ల క్యాన్లు తెప్పించి పోటీలు నడిపారు. వాళ్ల మీద నాకు కోపం లేదు. కానీ ఆ మాట మాత్రం ఒప్పుకోలేను. మా పిల్లలు ఆడేది జట్టుకు ఏడుగురు ఆడే రగ్బీ, అందులో ఒక్కో సగం 7 నిమిషాలు. ట్రై అయిన 30 సెకన్లలోపు కన్వర్షన్ కొట్టేయాలని నిబంధన. ఆ అరనిమిషం కూడా ఆట గడియారంలోనే నడుస్తుంది, విడిగా ఎవరూ ఇవ్వక్కర్లేదు. టైం లేదన్నది సాకు. పోస్టులు లేవన్నది మాత్రం నిజం, దాని సంగతి తర్వాత చెబుతాను.

పాత కథ ఒకటి చాలామందికి తెలియదు. 1871లో ఇంగ్లండులో రగ్బీ యూనియన్ పెట్టిన కొత్తలో, బంతిని గీత దాటించి నేలకు ఆనిస్తే పాయింట్లే లేవు. గోలు కొట్టి చూసుకునే అవకాశం ఒకటి దక్కేది, అంతే. ఆ 'కొట్టి చూడటానికే' ట్రై అని పేరు. గోలు పడితేనే లెక్క. అంటే కిక్కు కోసం ట్రై పుట్టింది. మనం పెళ్లికొడుకును వదిలేసి తోడుపెళ్లికొడుకుకు పెళ్లి చేస్తున్నాం.

మా మనవరాలు తొమ్మిదో తరగతి. పరుగు బాగుందని ఆరో తరగతిలోనే డ్రిల్లు సార్ రగ్బీలోకి తీసుకున్నారు. ఎడమకాలి పిల్ల. అప్పటికి నాకు ఈ ఆట తెలియదు. చిన్నప్పుడు గుంతకల్లు రైల్వే గ్రౌండులో ఫుట్‌బాల్ ఆడినవాణ్ణి, బంతి అంటే చీనీకాయలా గుండ్రంగా ఉండాలని నమ్మినవాణ్ణి. దోసకాయలాంటి ఈ బంతిని చూసి నవ్వాను కూడా. మూడేళ్లలో నిబంధనల పుస్తకం మొత్తం చదివించింది ఆ పిల్ల.

నిరుడు పక్క జిల్లాలో ఒక పోటీ. సెమీఫైనల్లో మూడు ట్రైలు వాళ్లు చేశారు, మూడు మావాళ్లు చేశారు. వాళ్లు ఒక్క కన్వర్షన్ కొట్టారు. 17-15. మా మూడు కిక్కులూ మా మనవరాలే కొట్టింది, మూడూ పోయాయి. ఒకటి నేల మీద పాకుతూ పోయింది. బస్సులో వచ్చేటప్పుడు కిటికీ వైపు తిరిగి కూర్చుని ఉరవకొండ దాకా మాట్లాడలేదు. నేను ఆ రాత్రి లెక్క వేసుకున్నాను: అంతకుముందు ఆమె ఆడిన స్థానిక పోటీల్లో ఎన్నిసార్లు కన్వర్షన్ కొట్టి ఉంటుంది? ఒక్కసారి కూడా లేదు. ఎక్కడా కొట్టించలేదు. పరీక్ష రాసే రోజే పిల్ల చేతికి మొదటిసారి పెన్ను ఇచ్చినట్టయింది.

ఇంకో నష్టం కూడా ఉంది, అది నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. కన్వర్షన్‌ను ట్రై ఎక్కడ ఆనించారో దానికి సూటిగా వెనక్కి వచ్చి కొట్టాలి. మూలన ఆనిస్తే మూల నుంచే కొట్టాలి, పోస్టుల మధ్య ఆనిస్తే ఎదురుగా నిలబడి కొట్టొచ్చు. ఆ సెమీఫైనల్లో మా జట్టు పిల్ల ఒకటి, వెనక ఎవరూ తరమకపోయినా, గీత దాటగానే మూలలోనే బంతి పెట్టేసింది. నాలుగడుగులు మధ్యకు పరిగెత్తి ఉంటే కిక్కు ఎంత సులువయ్యేదో ఆమెకు తెలియదు, ఎందుకంటే కిక్కే లేని ఆట ఆడి పెరిగింది. కన్వర్షన్ తీసేస్తే కిక్కు కొట్టేవాళ్ల ఒక్కరి ఆటే పోదు, పరిగెత్తేవాళ్ల ఆట కూడా చెడిపోతుంది.

సరే, నేర్పుదామని దిగాను. ఫుట్‌బాల్ ఆడినవాణ్ణి కదా, కిక్కు నాకు తెలియకపోవడమేమిటని మొదటి మూడు వారాలు పాడు చేశాను. "గట్టిగా తన్ను, ఇంకా గట్టిగా" అని అరవడమే నా కోచింగు. ఏడుగురి ఆటలో బంతిని నేల మీద నిలబెట్టి కొట్టకూడదు, డ్రాప్ కిక్కే కొట్టాలి. చేతుల్లోంచి వదలాలి, బంతి నేలను తాకి అప్పుడే లేస్తుండగా కాలు తగలాలి. పదిహేను మంది ఆటలోనైతే టీ అనే చిన్న స్టాండు మీద బంతి నిలబెట్టి కొలిచినట్టు అడుగులు వెనక్కి వేసి కొట్టవచ్చు. డ్రాప్ కిక్కులో ఆ తీరిక ఉండదు. మూడు వారాల తర్వాత నాకు తెలిసింది, మా పిల్ల తప్పు కాలిది కాదు, చేతిది. బంతిని వదిలేటప్పుడు ఒక చెయ్యి ముందు, ఒక చెయ్యి వెనక పడి బంతి వాలిపోయేది. కోలబంతి మొన మీద పడితే నిటారుగా లేస్తుంది, పక్క మీద పడితే ఎటు పోతుందో దానికే తెలియదు.

ఆ తర్వాత పదిహేను రోజులు కిక్కు మాన్పించాను. రెండు చేతులా పట్టుకోవడం, మొన కిందికి పెట్టి పైకొనను కాస్త తన వైపు వాల్చడం, మోకాలికి కొంచెం పైనుంచి వదలడం. అంతే. వదిలిన బంతి తిరిగి నేరుగా చేతుల్లోకి వస్తే వదలడం కుదిరినట్టు. పొద్దున స్కూలుకు పోయే ముందు వాకిట్లో వంద సార్లు. వాళ్ల అవ్వకు ఆ టప్ టప్ చప్పుడుకు తలనొప్పి. "తన్నే ఆట నేర్పిస్తానని నేలకేసి కొట్టే ఆట నేర్పిస్తున్నావే" అని నన్నే తిట్టేది. కానీ పదహారో రోజు కిక్కు కొట్టించినప్పుడు మా ఇంటి ముందు వేపచెట్టు మీదుగా పోయింది బంతి.

మిగతావి చిన్న చిన్న సంగతులు. కొట్టని కాలు బంతి పడే చోటికి పక్కన, కాస్త వెనగ్గా ఉండాలి. బొటనవేలు కిందికి చూపించి మడమ బిగపట్టాలి, పాదం మీదిభాగం గట్టి పలకలా ఉండాలి. తల ఎత్తకూడదు. ఈ తల ఎత్తడం పెద్ద జబ్బు, కొట్టకముందే పోస్టులు చూస్తారు పిల్లలు. నేను "బంతి నేలకు తగిలిన చోట మచ్చ చూసి చెప్పు" అనేవాణ్ణి. మచ్చ చూడాలంటే తల దించి ఉంచక తప్పదు. కొట్టాక కాలు అడ్డంగా ఊగకుండా పోస్టుల వైపే పోవాలి. ఫుట్‌బాల్ ఆడినవాళ్లకు ఇది కష్టం, బంతిని వంచి కొట్టడం అలవాటై కాలు చుట్టు తిరుగుతుంది.

గాలి సంగతి మా అనంతపురం వాళ్లకు చెప్పక్కర్లేదు. ఆషాఢం వచ్చిందంటే మా ఊరి గ్రౌండులో గొడుగు నిలవదు. దూరంగా గుట్టల మీద గాలిమరలు కనపడతాయి. వాటి ముఖం ఎప్పుడూ గాలి వచ్చే వైపే తిరిగి ఉంటుంది. మా మనవరాలు కిక్కు కొట్టే ముందు పోస్టులకంటే ముందు గాలిమరను చూస్తుంది. ఇది నేను నేర్పింది కాదు, తనే కనిపెట్టుకుంది. ఎదురుగాలి ఉంటే బంతి ఎత్తుకు లేవకుండా తక్కువగా కొట్టాలి, లేకపోతే గాల్లోనే ఆగి కిందపడుతుంది. పక్కగాలి ఉంటే గాలి వచ్చే వైపు పోస్టుకు గురి పెడితే బంతి నడిమికి జరుగుతుంది. ఇంత మంచి గాలి పాఠశాల మన జిల్లా పిల్లలకు ఉచితంగా ఉంది. గాలికి బంతి ఆడదని ఆషాఢమంతా ప్రాక్టీసు మానేయడం నాకు నచ్చదు.

గాలి గురించి చెబుతూ బంతిలోని గాలి మరిచిపోకూడదు. రగ్బీ బంతి బరువు 410 నుంచి 460 గ్రాములు, పొడవు 28 నుంచి 30 సెంటీమీటర్లు, లోపల గాలి సుమారు తొమ్మిదిన్నర నుంచి పది పౌండ్లు ఉండాలి. మన గ్రౌండ్లలో ఆడే బంతులను వేలితో నొక్కి "సరిపోయిందిలే" అంటారు. పంక్చరు షాపులో మీటరు పెట్టి చూపించాను, ఆరు పౌండ్లు ఉంది. అట్లాంటి బంతి నేల మీద పడితే లేవదు. పిల్ల మళ్లీ మళ్లీ కొట్టి, తన కాలే మంచిది కాదని అనుకుంటుంది.

నేల కూడా అంతే. మా గ్రౌండు గరుసు నేల, బంతి పడగానే చటుక్కున లేస్తుంది. ఆ సెమీఫైనల్ జరిగింది పచ్చగడ్డి గ్రౌండులో, పైగా ముందురోజు వాన పడింది. అక్కడ బంతి బద్ధకంగా లేచింది. మా పిల్ల కాలు ముందే వచ్చేసింది. ఇది ఎవరూ చెప్పలేదు, నేనూ ఆలోచించలేదు. ఇప్పుడు వారానికి రెండు రోజులు మా పొలంలో బోరు కాలవ పక్కన గరిక మొలిచిన చోట కొట్టిస్తున్నాను.

రోజుకు ఇరవై కిక్కులే. ఎక్కువ కొడితే ఎక్కువ వస్తుందని మొదట అరవై కొట్టించాను, గజ్జ దగ్గర పట్టేసి వారం కుంటింది. అదీ నా తప్పే. ఇరవై కిక్కులను ఐదు చోట్ల నుంచి నాలుగేసి. ఎదురుగా, రెండు వైపులా కొంచెం పక్కకు, రెండు మూలల నుంచి. మూల నుంచి కొట్టేటప్పుడు ఒక లెక్క ఉంది. ముందుకు వచ్చి నిలబడితే రెండు పోస్టులూ ఒకదాని వెనక ఒకటి దాక్కుంటాయి, గోడ పక్కన నిలబడి వాకిలి చూసినట్టు సన్నని సందు. వెనక్కి పోయేకొద్దీ సందు వెడల్పవుతుంది, కానీ దూరం పెరుగుతుంది. ఎక్కడ ఆగాలో ఎవరి కాలిని బట్టి వాళ్లు తేల్చుకోవాలి. మా పిల్లది గీత నుంచి ఇరవై మీటర్లు. ప్రతి కిక్కూ నోటుబుక్కులో రాస్తాను. సర్వీసులో స్టేజీ స్టేజీకి ఎస్సార్ (టికెట్ల లెక్క కాగితం) రాసిన చెయ్యి కదా, ఊరుకోదు. మొదటి వారం ఇరవైకి నాలుగు, ఐదు. ఇప్పుడు పన్నెండు, పదమూడు. కుడి మూల నుంచి మాత్రం ఇంకా నాలుగుకు ఒకటే.

పోస్టుల సంగతి చెబుతానన్నాను. రెండు పోస్టుల మధ్య 5.6 మీటర్లు, అంటే పద్దెనిమిది అడుగుల నాలుగున్నర అంగుళాలు. అడ్డకడ్డీ 3 మీటర్ల ఎత్తు. అంతే కొలత. పదహారు అడుగుల వెదురు గడలు రెండు తెచ్చి రెండడుగులు పాతాను. అడ్డకడ్డీకి బదులు నైలాన్ తాడు బిగించి కట్టాను, మధ్యలో జారకుండా రోజూ లాగి చూసుకోవాలి. తాడు నడుమ ఎర్రగుడ్డ కట్టాను. పిల్లలు పరిగెత్తి వచ్చి గుద్దుకుంటే దెబ్బ తగలకుండా కింద మనిషి ఎత్తు దాకా పాత బస్సు సీట్ల స్పాంజి చుట్టాను, పాత సామాన్ల షాపులో దొరికింది. అన్నీ కలిపి నాకు ఎనిమిది వందలు కాలేదు. పోయిన నెల పోటీల్లో ట్రోఫీలకు పెట్టిన ఖర్చు దీనికి ఎన్నో రెట్లు.

కిక్కుతో ఏమవుతుందిలే అనేవాళ్లకు రెండు ఫలితాలు చెబుతాను. 2023 ప్రపంచ కప్ ఫైనల్లో దక్షిణాఫ్రికా ఒక్క ట్రై కూడా చేయలేదు. వాళ్ల ఆటగాడు హాండ్రే పొలార్డ్ నాలుగు పెనాల్టీలు (అవతలి జట్టు తప్పు చేస్తే దక్కే గోలు కిక్కులు) కొట్టాడు, 12 పాయింట్లు. న్యూజిలాండ్ ట్రై చేసి కూడా 11 దగ్గర ఆగిపోయింది. ఆ ట్రై తర్వాతి కన్వర్షన్ పోయింది. రెండోది మనది. 2019లో మనీలాలో మన దేశం మహిళలు పదిహేను మంది ఆటలో మొదటిసారి ఒక అంతర్జాతీయ మ్యాచ్ గెలిచారు, సింగపూర్ మీద 21-19. ఆట అయిపోవస్తుండగా ఒడిశా అమ్మాయి సుమిత్రా నాయక్ కొట్టిన పెనాల్టీ కిక్కే గెలిపించింది. భువనేశ్వర్ కిస్ పాఠశాలలో చదివిన ఆదివాసీ పిల్ల. ఆమెకు ఎవరో చిన్నప్పుడు పోస్టులు పాతి పెట్టే ఉంటారు.

విదేశీ ఆట మనకెందుకని మా వీధిలో ఒకాయన అంటాడు. ఆయనకు కలకత్తా కప్పు కథ చెప్పాను. 1873లో కలకత్తాలో తెల్లవాళ్లు పెట్టుకున్న రగ్బీ క్లబ్బు ఐదేళ్లకే మూతబడింది. బ్యాంకులో మిగిలిన 270 వెండి రూపాయలను కరిగించి కప్పు చేయించి పంపారు. 1879 నుంచి ఇంగ్లండు, స్కాట్లండు దానికోసమే కొట్టుకుంటున్నాయి. మూత మీద ఏనుగు, పిడులకు పాములు. మన రూపాయలే అవి. ఆయన ఒప్పుకున్నాడో లేదో తెలియదు, "270 రూపాయలంటే ఇప్పుడెంతవుతుంది?" అని మాత్రం అడిగాడు.

2025 జూన్‌లో ముంబైలో రగ్బీ ప్రీమియర్ లీగ్ జరిగినప్పుడు హైదరాబాద్ హీరోస్ జట్టు ఆడుతుంటే మా ఇంట్లో టీవీ ముందు ఆరుగురు పిల్లలు. అందరూ చూసింది పరుగులే, మా మనవరాలు మాత్రం కిక్కు కొట్టేవాళ్ల చేతులు చూసింది. "తాతా, వాళ్లు కూడా మొన కిందికే పట్టుకుంటారు" అంది. ఆ ఒక్క మాటకు నాకు రిటైర్మెంట్ రోజు కప్పిన శాలువా గుర్తుకొచ్చింది.

ఇక మిమ్మల్ని అడిగేది. పోటీలు నడిపే పెద్దలు కన్వర్షన్లు తీసేయకుండా మీరు రాయాలి. ఫలితం వేసేటప్పుడు ట్రైలు ఎవరు చేశారో రాస్తున్నారు, కిక్కులు ఎవరు కొట్టారో, ఎన్నిటికి ఎన్ని పడ్డాయో కూడా ఒక లైను వేయండి. పేరు పత్రికలో పడుతుందంటే పిల్లలు కిక్కు నేర్చుకుంటారు, నేర్చుకుంటున్నారని తెలిస్తే డ్రిల్లు సార్లు పోస్టులు పాతిస్తారు. స్కోర్లలో ఒకటిరెండు ఏడులు, పన్నెండులు, పదిహేడులు కనపడే రోజున నాకూ తృప్తిగా ఉంటుంది. ఆ 17 మా జట్టుది అయితే ఇంకా మంచిది.

అనంతపురంలో వచ్చే నెల ఇంకో పోటీ ఉందని విన్నాను. నిర్వాహకులు ఈ ఉత్తరం చదివితే పోస్టులు లేవని దిగులు పడొద్దు. గడలు నావి, తాడు నాది, స్పాంజి కూడా ఉంది. నాలుగు రోజులు ముందుగా కబురు పెడితే చాలు, ఆటో టాపు మీద కట్టుకుని వస్తాను. గుంతలు తవ్వడానికి మాత్రం ఇద్దరు కుర్రాళ్లను చూసి పెట్టండి, నా నడుము ఇప్పుడు పారకు లొంగడం లేదు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఆర్టీసీ కండక్టరు,
ఉరవకొండ, అనంతపురం జిల్లా.